చాటింపు: నలభై ఒక్క దెబ్బలు

పోయిన వారం లక్ష్మీతులసిని అల్లవరం అవతల రొయ్యల చెరువు గట్టు మీద వదిలి వచ్చాం. ఆమె చాచిన చేతిలో ఒక పాత క్యాసెట్ ఉంది. అట్ట మీద ఆరు మొహాలు, ఆరింటికీ సుద్దమట్టి పూత. మూడో మొహం ఆమె అన్న నూకరాజుది. తొంభై ఆరు నవంబరు తుఫానులో వాళ్ళ ఊరు ఓడలమొగ పోగొట్టుకున్న నలభై ఇద్దరిలో అతనొకడు. తులసి అమలాపురంలో పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించే షాపులో పనిచేస్తుంది. రాజోలులో మూతపడ్డ ఒక దుకాణం నుంచి వచ్చిన గోనెసంచిలో ఆమెకది దొరికింది. పేరు ‘చాటింపు’. పాట లేదు, మాట లేదు, రెండు వైపులా వట్టి వాయింపు. అన్నయ్య కలిసి తిరిగిన మూగమేళం ఒక క్యాసెట్ కూడా చేసిందని ఈ ఏడేళ్ళలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. మేళం పెట్టిన మాణిక్యం మాస్టారిని వెతుక్కుంటూ వస్తే, ఆ అట్ట చూడగానే ఆయన చేతిలోని మేత గిన్నె జారి చెరువులో పడింది.

గిన్నె కాసేపు తేలి, ఓ పక్కకి ఒరిగి, నీళ్ళు తాగి మునిగిపోయింది. దాన్ని తీయడానికి మాణిక్యం వంగలేదు.

“ఇవన్నీ పోయేయనుకున్నానమ్మా,” అన్నాడు. “రెండొందలు చేయించేం. నెల తిరక్కుండా దుకాణాల వెంట తిరిగి నేనే వెనక్కి తెచ్చేసేను. బొబ్బర్లంక రేవులో గోదాట్లో కలిపేసేను. రాజోలు సంచి ఎలా మర్చిపోయేనో.”

“ఎందుకండీ కలిపేసేరు?”

ఆయన తల తిప్పుకున్నాడు. ఒకప్పుడు కొత్తపేటలో డ్రాయింగు మాస్టారు. అట్ట మీద ఆరింట్లో మొదటి మొహం ఆయనదే. ఆ ఫోటోలో కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ఇప్పుడు తులసి ముందున్న మనిషికి జుట్టు సగం నెరిసింది. మోకాళ్ళదాకా బురద. చూపు ఎదుటి మనిషి మీద రెండు క్షణాలు కూడా నిలబడటం లేదు.

“నాకింకేం వద్దండి మాస్టారూ,” అంది తులసి. “అందులో మా అన్నియ్య వాయించింది ఏదో చెప్పండి చాలు. ఆ చేతుల చప్పుడు ఏదో తెలిస్తే, ఆ ముక్క వరకూ మా అమ్మకి వినిపిస్తాను.”

“మీ అమ్మగారికా?” మాణిక్యం ఉలిక్కిపడ్డాడు. “ఒద్దు తల్లీ. ఆవిడకి మాత్రం వినిపించకు.”

“ఏం?”

చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల రెక్కలు నీళ్ళని ఒకే తీరుగా కొడుతున్నాయి. ఆయన, ఎండలో ఎందుకు, లోపలికి రమ్మంటూ గట్టు మీది షెడ్డులోకి దారి తీశాడు.

షెడ్డులో మేత బస్తాలు, ఓ నులక మంచం, గోడకి వేలాడే వలలు. తులసి సంచిలోంచి షాపు టేప్‌రికార్డర్ తీసి బస్తా మీద పెట్టింది. బ్యాటరీలు కొత్తవి వేసుకుని వచ్చింది. మాణిక్యం దానికేసి పాముని చూసినట్టు చూశాడు.

“మూగమేళం అంటే ఏంటో నీకు తెలుసా అమ్మా?”

“మొహాలకి మట్టి పూసుకుని సంతల్లో వాయించేవారని తెలుసండి. ఎవరు పలకరించినా మాట్లాడేవారు కాదట.”

“ఆయ్. ఆటకి దిగేక పెదవి కదపకూడదని ఒట్టు. డీజిలు డ్రమ్ములు, ఇత్తడి బిందెలు, రేకులు, విరిగిన పడవ చెక్కలు, ఏది దొరికితే అది. కూరగాయల బజారు మధ్యలో ఉన్నట్టుండి లేచి వాయించేవోళ్ళం. జనం ముందు నవ్వేవోరు, తర్వాత తిట్టేవోరు, ఆ తర్వాత నోరు మూసుకుని చుట్టూ నిలబడిపోయేవోరు. ఆ మూడోదాని కోసమే మేం ఆడేది. పిచ్చి మేళం అని పేరెట్టేరు. మాకదే గొప్పగా ఉండేది.” ఆయన మొహంలో ఓ వెలుగులాంటిది వచ్చి పోయింది. “మాలో అసలు వాద్యగాడు మీ అన్నే. నేను బొమ్మలేసుకునేవోణ్ణి, మిగతావోళ్ళు నాటకాల పిచ్చోళ్ళు. నూకరాజు చెయ్యేస్తే చెక్క కూడా ఏడిచేది.”

అన్నయ్య చావు గురించి తులసికి తెలిసిందల్లా ఊరంతా చెప్పుకునే ఒక్క కథ. తుఫాను రోజు ఆమె కాకినాడ హాస్టల్లో ఉంది. ఊళ్ళో నూకరాజు మెళ్ళో డప్పు తగిలించుకుని, ఇంటింటి ముందూ వాయిస్తూ, లేచి పొండి లేచి పొండి అని అరిచాడట. అలా తిరుగుతూనే ఉప్పెనలో కొట్టుకుపోయాడట. పోయినవాళ్ళ కోసం ఊళ్ళో నిలబెట్టిన రాతి పలక మీద నలభై రెండు పేర్లున్నా, ఊరివాళ్ళు దణ్ణం పెట్టేది అతని పేరుకే.

ఆ మాటే అంది. “చాటింపేసి చచ్చిపోయినోడి క్యాసెట్‌కి చాటింపని పేరు పెట్టేరు. బాగుందండి మాస్టారూ.”

“అమ్మా,” అన్నాడు మాణిక్యం. “నీకు సగమే చెప్పేరు.”

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు.

“తుఫానుకి నెల ముందు, అక్టోబర్లో, మేం మీ ఊరొచ్చేం. నాకొక ఆలోచన తట్టింది. చాటింపు వాయిస్తే ఊరెలా కదులుతాదో చూడాలని. తెల్లారగట్ల ఆరుగురం ఆరు వీధుల్లో నిలబడి ఉప్పెన చాటింపు వాయించేం. ఒక్క మాట లేదు, వట్టి దరువే. మీ ఊళ్ళో ఆ దరువు తెలీనోడెవడు? పిల్లల్ని చంకనేసుకుని, ముసలోళ్ళని మంచాల మీద మోసుకుని, జనం మొత్తం స్కూలు మేడ మీదకి పరిగెత్తేరు. ఓ బాలింత గుమ్మంలో పడిపోయింది. అందరూ మేడెక్కేక మేం కింద నిలబడి నమస్కారం పెట్టేం. ఆట అయిపోయిందన్నమాట.”

తులసి ఆయన మొహంలోకి చూసింది.

“చెప్పులుచ్చుకు కొట్టేరు. కొట్టించుకున్నాం. అది కూడా ఆటలో భాగమేననుకున్నాను, నేనంత గొప్పోణ్ణి.” ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. “నూకరాజు మాత్రం ఒద్దన్నాడు. మా ఊళ్ళో ఒద్దు మాస్టారూ, ఆ దరువుతో ఆడుకోకూడదు అన్నాడు. నేనే ఒప్పించేను. కళ అంటే భయం ఉండకూడదురా అన్నాను.”

“నెల తర్వాత...” అంది తులసి.

“నెల తర్వాత రేడియోలో చెప్పేరు గానీ, మీ పేటలో రేడియో ఎంతమంది విన్నారు? సముద్రం రంగు చూసి నూకరాజుకి అర్థమైపోయింది. డప్పేసుకుని బయల్దేరేడు. ఆ దరువే, ఆ వీధులే, ఆ మనిషే. ఒక్క గడప కదల్లేదు. ‘మళ్ళీ మొదలెట్టేవేంట్రా’ అని నవ్వేరంట. అరుస్తాడు, ఏడుస్తాడు, ఇది ఆట కాదంటాడు. ఈసారి మాటలు కూడా కలిపేరేంట్రా అన్నారంట. నలుగురైదుగురు కదిలేరు. మిగతావోళ్ళు...”

చెరువు మీది మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయింది. రెక్కలు తిరగడం మానేశాక షెడ్డు చుట్టూ ఒక్క చప్పుడు లేదు, కొబ్బరాకు కూడా కదలలేదు.

ఊళ్ళో తమవాళ్ళని పోగొట్టుకున్న ప్రతి కుటుంబం తులసిని చూసినప్పుడల్లా తల నిమిరేది. అయ్యో, ప్రాణం ఇచ్చినోడి చెల్లెలు అనేది. వాళ్ళలో ఒక్కరి నోటి వెంట కూడా అక్టోబరు మాట రాలేదు.

“ఆఖరి ముక్క దేని గురించండీ?” అంది. “రెండోవైపు చివర్లో, ఒక్కో దెబ్బ విడివిడిగా వాయించేది.”

“అది మీ ఊరోళ్ళ కోసం. బోర్లించిన పడవ మీద, చేత్తో. పోయిన మనిషికొక దెబ్బ.”

“నలభై ఒకటే ఉన్నాయండి.”

మాణిక్యం తలెత్తాడు.

“షాపులో రెండుసార్లు విన్నాను. ఎందుకో లెక్కపెట్టాలనిపించింది. పలక మీద పేర్లు నలభై రెండు కదండీ.”

“సరిగా లెక్కెట్టుండవు తల్లీ. టేపు అరిగిపోయుంటాది.”

తులసి లేచి బయటికి వెళ్ళింది. గట్టు మీద నత్తగుల్లలు ఏరి ఒళ్ళో పోసుకుని వచ్చింది. క్యాసెట్ రెండోవైపు చివరికి తిప్పి మీట నొక్కింది.

మొదట చాలాసేపు గరగరలే. తర్వాత మొదటి దెబ్బ. అది డప్పు మోత కాదు, చెక్క మోత అని కూడా అనిపించదు. లోపలెక్కడో ఖాళీగా ఉన్నది ఏదో బరువుగా కదిలినట్టుంది. తులసి ఒక గుల్ల తీసి బస్తా మీద పెట్టింది. ఓ ఊపిరి తీసి వదిలేంత సేపు ఏమీ లేదు. మళ్ళీ దెబ్బ. మరో గుల్ల. షాపులో వచ్చేపోయే బళ్ళ గోలలో వినిపించనిది, ఈ నిశ్శబ్దంలో ఇప్పుడు వినిపిస్తోంది. ప్రతి దెబ్బకీ ముందు ఎవరో పెదవుల మధ్య ఏదో గొణుగుతున్నారు. మాట తెలియదు. ఒక్కోసారి పొట్టిగా, ఒక్కోసారి పొడుగ్గా. పేర్లు. అవి పేర్లని తెలిశాక ఆమె ఒక్కో గుల్లా చప్పుడు కాకుండా దించింది.

ముప్ఫై. ముప్ఫై ఐదు. మాణిక్యం కళ్ళు మూసుకున్నాడు. ఆయన వేళ్ళు మోకాలి మీద, దెబ్బ పడబోయే క్షణానికి సరిగ్గా ముందు, వాటంతటవే లేస్తున్నాయి.

నలభై. నలభై ఒకటి.

ఆ తర్వాత ఊపిరి తీసుకున్న చప్పుడు. దెబ్బ పడలేదు. టేపు చివరిదాకా తిరిగి టక్కుమని ఆగింది.

బస్తా మీది గుల్లల్ని తులసి మళ్ళీ లెక్కపెట్టలేదు. “ఎవరు వాయించేరండీ ఇది?” అంది.

ఆయన మోకాలి మీది వేళ్ళని పిడికిలిగా ముడిచాడు.

“తుఫాను తర్వాత చేసిన క్యాసెట్టండి ఇది. అయితే పోయినోళ్ళ పేర్లన్నీ నోటికొచ్చినోడు మీలో ఎవరున్నారు? మీరు ఆ ఊరోళ్ళు కాదు. మిగతా నలుగురూ కాదు. ఎవరు మాస్టారూ?”

“నాచేత చెప్పించకమ్మా. ఒట్టేసేను.”

“ఏడేళ్ళయిందండి. మా నాన్న ఆ దిగులుతోనే పోయేడు. చెప్పండి.”

మాణిక్యం రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. ఆ చేతుల వెనక నుంచే మాట్లాడాడు.

“జనవరిలో అంబాజీపేటలో ఖాళీ కొబ్బరి కొట్టు అద్దెకి తీసుకున్నాం. ఉన్న ఐదుగురం ఒక్క క్యాసెట్ చేసేసి, మేళం ఎత్తేద్దామని. రెండోరోజు మధ్యాహ్నం తలుపు దగ్గరెవరో నిలబడ్డారు. గెడ్డం, చింకి చొక్కా. పనోడనుకున్నాను. లోపలికొచ్చి, బోర్లించిన పడవ మీద చెయ్యేసి నిమిరేడు. ఆ చెయ్యి చూసి గుర్తుపట్టేను తల్లీ, మొహం చూసి కాదు.”

తులసికి షెడ్డు గోడలు దూరంగా జరిగినట్టయింది.

“కొబ్బరి మొద్దు పట్టుకుని అవతలి లంకలో తేలేడంట. ఐదో రోజున ఊరి దాకా నడిచొచ్చేడు. అప్పటికే మీవోళ్ళు అతని శవం దొరికిందని దహనం కూడా చేసేసేరు. రేవులో ఎవరో అంటున్నారంట, నూకరాజు ప్రాణం ఇచ్చేడ్రా అని. అక్కణ్ణుంచటే వెనక్కెళ్ళిపోయేడు. ఆ కొట్టులో కూర్చుని, పేరు పేరునా తల్చుకుని, ఒక్కో దెబ్బా వేసేడు. నలభై ఒకటి దగ్గర ఆపేసేడు. ‘ఇంకోటి ఉంది కదరా’ అన్నాను.” మాణిక్యం చేతులు కిందికి దించాడు. “‘నలభై రెండోది నా పేరే కదా మాస్టారూ’ అన్నాడు.”

తులసి అట్ట తీసి దాని మీది మూడో మొహం కేసి చూసింది.

“ఇప్పుడెక్కడున్నాడు?”

“తెలీదు తల్లీ. ఆ సాయంత్రమే వెళ్ళిపోయేడు. మళ్ళీ కబురు లేదు.”

“మాకెందుకు చెప్పలేదండీ? మా అమ్మ ఏటా కార్తీకంలో రేవుకెళ్ళి కూడు పెడతంది. బతికున్న కొడుక్కి!”

“చెప్పేను,” అన్నాడు మాణిక్యం మెల్లగా. “ఒట్టు తప్పి, ఆ పై నెలే మీ ఇంటికొచ్చి చెప్పేను. మీ అమ్మగారు నేను చెప్పిందంతా విన్నారు. మంచినీళ్ళిచ్చేరు. ‘మావోడు చచ్చిపోయేడు మాస్టారూ, మీరింక మా గడప తొక్కకండి’ అన్నారు. ఆ మర్నాటి నుంచే దుకాణాల్లో క్యాసెట్లన్నీ ఏరుకొచ్చేసేను.”

*

తులసి ఓడలమొగ చేరేసరికి మూడున్నర. బస్సు దిగి కాలనీ ఇళ్ళ వరసల మధ్య నడుస్తుంటే ప్రతి గడపా ఆమెకి వేరుగా కనిపించింది. ఇక్కడ నవ్వారు. ఇక్కడ తలుపేసుకున్నారు.

ఇంటి ముందు తల్లి కాసులమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. పక్కన పొరుగింటి చిన్నమ్మలు కాలు చాపుకుని కూర్చుంది. తుఫానులో గోడ కూలి విరిగిన కాలు అది, ఇప్పటికీ వంగదు. అదే తుఫానులో ఆమె ఒక్కగానొక్క కొడుకు ముత్యాలరాజు కనబడకుండా పోయాడు. శవం దొరకలేదు. రాయి మీద పేరు చెక్కిస్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు, మావోడు బతికే ఉన్నాడంది. తులసి పట్నం నుంచి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఒకే ప్రశ్న వేస్తుంది. ఇవాళా వేసింది.

“అమలాపురం బస్టాండులో మావోడు గానీ కనపడ్డాడా అమ్మా?”

“లేదత్తా.”

“పెద్ద ఊరు కదా. ఏ పక్కనుంటాడో.” చిన్నమ్మలు గోడ పట్టుకుని లేచింది. “ఉండు, పొద్దున్న బూరెలొండేను, నీకోసం దాచేను, తెస్తాను.”

ఆవిడ కాలీడ్చుకుంటూ తన ఇంట్లోకి వెళ్ళేదాకా తులసి ఆగింది. తర్వాత తల్లిని చెయ్యి పట్టుకుని లేపి లోపలికి తీసుకెళ్ళింది.

“ఏంటే? ఏవైంది నీకు?”

“మాణిక్యం మాస్టారి దగ్గర్నుంచి వస్తన్నానమ్మా.”

కాసులమ్మ మొహం మారలేదు. చేతికంటిన నెత్తళ్ళ పొట్టు చీరకి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

“అన్నియ్య బతికున్నాడని నీకు తెలుసు.”

“మెల్లగా మాట్లాడు.”

“ఏడేళ్ళు, అమ్మా! నాన్న పోతా పోతా కూడా వాడి పేరే తలిచేడు. నాన్నకైనా చెప్పలేదేంటి నువ్వు?”

“మీ నాన్నకి చెప్తే ఊరుకుంటాడా? వెళ్ళి తీసుకొచ్చేస్తాడు.” కాసులమ్మ గోడకి చేరగిలబడింది. “నువ్వు ఆ మూడ్రోజులూ ఇక్కడ లేవు. స్కూలు మేడ మీద అందరం తడిసి ముద్దయి కూర్చున్నాం. సత్తియ్యకి పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ పోయేరు. తెడ్డొకటి పట్టుకుని తిరుగుతున్నాడు. నూకరాజు కనపడితే తల పగలగొడతాను, ఆడి ఆట వల్లే నా పిల్లలు లెగలేదు అని. ఆడొక్కడే కాదే. మేడ మీద ఉన్నోళ్ళందరిదీ అదే మాట. నా మొహం మీదే అన్నారు.”

“సత్తియ్య మావయ్యా? రాయికి పూలదండేసేది ఆయనే కదా.”

“దండ తర్వాతే. చచ్చినోణ్ణి ఎవరూ కొట్టరు.” ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. “మూడో రోజు మడ అడవిలో ఓ శవం దొరికింది. మొహం లేదు, నీళ్ళు తినేసేయి. ఎవరిదిరా అని అందర్నీ పిలిచేరు. నేను వెళ్ళి చూసేను. మీద పడి ఏడిచేను, నా కొడుకే అన్నాను. అప్పుడు సత్తియ్య తెడ్డు పారేసి నా కాళ్ళ దగ్గర కూలబడిపోయేడు.”

“నువ్వు పొరబడ్డావనుకున్నానమ్మా. మొహం లేక పొరబడ్డావని.”

“లేదు.”

“తెలిసే చెప్పేవా?”

“నా కొడుకు ఒళ్ళు నాకు తెలీదా? ఆడు బతికున్నాడో లేదో నాకప్పుడు తెలీదు. బతికుంటే మాత్రం ఆడి జోలికి ఎవరూ పోకూడదు. అదొక్కటే.”

“మరి ఏటా రేవులో కూడు పెట్టేది?”

“అన్నియ్యకి కాదు.” కాసులమ్మ ఎప్పుడూ ఏడవని మనిషి. ఇప్పుడు కూడా కళ్ళు పొడిగానే ఉన్నాయి, పెదవులే అదుపు తప్పాయి. “ఆ కుర్రోడికి. ఎవరో ఒకరు పెట్టాలి కదా. కన్నతల్లికి తెలీకుండా కాల్చేసేను. ఆవిడ అప్పుడు పట్నం ఆసుపత్రిలో ఉంది. కట్టు విప్పి తీసుకొచ్చేసరికి బూడిద కూడా లేదు.”

తులసి వద్దు అన్నట్టు తల ఊపింది. ఆ తర్వాతి మాట తల్లి నోట్లోంచి రాకుండా ఆపాలనుకుంది. ఆగలేదు.

“కుడికాలి పిక్క మీద ఏడు కుట్ల మచ్చ. తెడ్డు తగిలి చీరుకుపోయింది ఆ వేసంగిలోనే. నేనే పసుపద్ది కట్టు కట్టేను. చూడగానే గుర్తుపట్టేనే, మొహం లేకపోయినా.”

వాకిట్లో ఏదో నేల మీద పడి గుండ్రంగా తిరిగి ఆగింది. స్టీలు పళ్ళెం.

ఇద్దరూ తిరిగి చూశారు. చిన్నమ్మలు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. బూరెలు ఆవిడ కాళ్ళ చుట్టూ దొర్లుతున్నాయి. ఎంతసేపటి నుంచి అక్కడుందో. కోపం లేదు, ఏడుపు లేదు. పొద్దున్నే నీళ్ళ కోసం పలకరించినంత మామూలుగా అడిగింది.

“ఏడు కుట్లా వదినా? మావోడికున్నట్టే?”